తలూపిన దుబాసి

ఆ ఫ్లాట్‌లో ఆరుగురు మెడికల్ స్టూడెంట్లు ఉండేవాళ్ళు. ఆరుగురూ మనవాళ్ళే. వంట వంతులవారీగా జరిగేది, గిన్నెలు తోమడం వంతులవారీగా జరిగేది, బాత్రూమ్ కడగడం మాత్రం దెబ్బలాటలవారీగా జరిగేది. ఈ మూడింట్లోనూ వేలు పెట్టనివాడు ఒకడున్నాడు. అతను మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే కంచం అతని దగ్గరికే నడిచొచ్చేది. అదేమీ జబర్దస్తీ కాదు, అందరూ కలిసి ఒప్పుకున్న ఏర్పాటే. ఎందుకంటే అతను వాళ్ళ దుబాసి.

సంగతేమిటంటే, డాక్టరీ చదవడానికి వెళ్ళిన ఆ పరాయి దేశంలో మనవాళ్ళకి పాఠాలు ఇంగ్లీషులో చెప్తారు, పరీక్షలూ ఇంగ్లీషులోనే పెడతారు. తీరా వార్డుల్లో అడుగుపెట్టాక అసలు కథ మొదలవుతుంది. మంచాల మీదున్నవాళ్ళకి ఇంగ్లీషు ముక్క రాదు. వాళ్ళ భాష మొదటి ఏడాది ఒక సబ్జెక్టుగా ఉంది కానీ, దాన్ని మనవాళ్ళు బట్టీ పట్టి గట్టెక్కారు. పరీక్ష హాలు గుమ్మం దాటేసరికి అది కాస్తా బుర్రలోంచి దాటిపోయింది. ఇప్పుడేమో రోగి పక్కన కూర్చుని ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడగాలి, విన్నది ప్రొఫెసరమ్మ ముందు ఒప్పజెప్పాలి. దానికి ప్రతి బ్యాచీ కనిపెట్టుకునే ఉపాయం ఒకటే. ఉన్నవాళ్ళలో ఆ భాష కాస్తో కూస్తో మాట్లాడేవాణ్ణి ముందుకి తోస్తారు. వాడు అడుగుతాడు, మిగతావాళ్ళు రాసుకుంటారు. ఆ పుణ్యానికి వాడికి వంటా వార్పూ మాఫీ.

మరి మన దుబాసికి ఆ భాష నిజంగా వచ్చా? అక్కడే ఉంది తిరకాసు. చిన్నప్పటి నుంచీ అతను అనుకరణలో దిట్ట. హెడ్మాస్టరు దగ్గు, కండక్టరు ఈల, పెళ్ళిలో మేనమామ అలక, ఏదైనా అచ్చుగుద్దినట్టు దింపేసేవాడు. ఆ విద్యతోనే, వచ్చిన కొత్తలో కూరగాయలమ్మేవాడి బేరం, బస్సు డ్రైవరు విసుగు, ఇంటి ఓనరమ్మ పలకరింపు పట్టేశాడు. అతని నోట మొదటి రెండు వాక్యాలు వింటే అక్కడే పుట్టి పెరిగాడనుకునేవాళ్ళు. చిక్కల్లా ఆ తర్వాతే. అవతలివాళ్ళు సంబరపడిపోయి గడగడా అందుకునేవాళ్ళు, అందులో అతనికి అక్కడో మాట ఇక్కడో మాట తప్ప ఏమీ చిక్కేది కాదు. చిక్కలేదన్న సంగతి మొహంలో కనపడనిచ్చే రకం కాదు అతను. "ఊఁ" అనేవాడు, "అవునా" అనేవాడు, "అయ్యో" అనాల్సిన చోటు గొంతుని బట్టి పసిగట్టి సరిగ్గా అక్కడ "అయ్యో" అనేవాడు. మిగతాదంతా గంగిరెద్దులా తలూపడమే.

ఇక రోగుల వివరాలంటారా, అర్థమైనవి కొన్ని ఉండేవి. కొన్ని కేస్ షీటులో దొరికేవి. మిగిలినవి ఆ జబ్బుకి పుస్తకంలో ఏముంటే అది రోగి చెప్పినట్టు చెప్పేసేవాడు. కామెర్లవాడు కామెర్లవాడిలాగే, గుండెజబ్బువాడు గుండెజబ్బువాడిలాగే మాట్లాడతాడు కదా, కొంప మునిగిందేముంది అనుకునేవాడు. పైగా ప్రొఫెసరమ్మ ఒకరోజు అందరి ముందూ అతని భుజం తట్టి, "రోగితో ఎలా మాట్లాడాలో ఇతన్ని చూసి నేర్చుకోండి" అంది. నాకు సగమే వచ్చండీ అని చెప్పుకోవడానికి అంతకన్నా మంచి సమయం మళ్ళీ రాదు. అతను సిగ్గుపడుతున్నట్టు నవ్వి ఊరుకున్నాడు. అక్కడితో వెనక్కి తిరిగే దారి మూసుకుపోయింది.

ఇంటి దగ్గర సంగతి చెప్పనే అక్కర్లేదు. తల్లి వీడియో కాల్ చేసినప్పుడల్లా పక్కన ఎవరో ఒకర్ని కూర్చోబెట్టుకునేది.

"ఏదీ, వాళ్ళ భాషలో ఓ ముక్క మాట్లాడు నాన్నా. మీ పెద్దమ్మ వింటానంటోంది."

అతను గొంతు సవరించుకుని, బంగాళదుంపలు నిన్న ఇంత రేటు లేవే, ఇవాళేమిటి ఇలా మండిపోతున్నాయి అని ఆ భాషలో ధారాళంగా అనేవాడు. పెద్దమ్మ బుగ్గలు నొక్కుకునేది.

"అబ్బ, ఎంత గడగడా మాట్లాడేస్తున్నాడే! ఏమన్నావు నాన్నా?"

"మీ ఆరోగ్యం జాగ్రత్త అన్నాను పెద్దమ్మా."

ఇదంతా నవ్వులాటగానే గడిచిపోయేది, సర్జరీ వార్డులో మూల మంచం మీదికి ఆ ముసలావిడ రాకపోయి ఉంటే.

ఆవిడకి పేగులో అడ్డు. ఆపరేషన్ చెయ్యక తప్పదు, గుండె చూస్తే బలహీనం. అందుకని ముందు మందులతో కాస్త నిలబెట్టి ఆ తర్వాత కొయ్యాలనుకున్నారు. ఒంటరిది. పిల్లల్లేరు. ఆరుగురు తెల్లకోట్లు మంచం చుట్టూ మూగేసరికి బెదిరిపోయి దుప్పటి మెడదాకా లాక్కుంది. దుబాసి ముందుకి వంగి, "ఎలా ఉన్నావు అమ్మమ్మా, రాత్రి నిద్ర పట్టిందా?" అన్నాడు. అచ్చం వాళ్ళ వీధిలో కుర్రాడు అన్నట్టే అన్నాడు. ఆవిడ మొహం విప్పారింది. అడిగినవాటికి చెప్పింది, చెప్పినవాటిలో సగం అతనికి అందాయి, మిగతా సగం పుస్తకం అందించింది. మిగిలినవాళ్ళు రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళారు.

అతను కూడా కదలబోతుంటే ఆవిడ అతని కోటు చెయ్యి పట్టుకుంది. బల్ల దగ్గరున్న హెడ్ నర్సు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. చెప్తూ మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకుంది. చివర్న అతని కళ్ళలోకి చూసి ఏదో అడిగింది. అడిగిందని తెలిసింది, అడిగిందేమిటో తెలియలేదు.

అతను తలూపాడు. "అవునవును, తప్పకుండా" అన్నాడు.

ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుని హమ్మయ్య అన్నట్టు దిండు మీదికి వాలింది.

మర్నాడు అతను కనపడగానే ఆవిడ లేచి కూర్చుని, "చెప్పావా?" అంది. ఆ ఒక్క మాటా స్పష్టంగా అర్థమైంది. దాని వెనకే ఇంకో మూడు మాటలు కూడా చిక్కాయి. చెల్లెలు. మార్కెట్టు. బట్టలు కుట్టే కొట్టు. అప్పుడు వెలిగింది అతనికి. నిన్న తను తలూపింది పలకరింపుకి కాదు, ఒక పనికి. మార్కెట్టు దగ్గర బట్టలు కుట్టే చెల్లెలికి ఆవిడ కబురు పంపింది.

అంతవరకూ అర్థమైనవాడికి ఆ తర్వాతి పని కష్టమేమీ కాదు. హెడ్ నర్సుకి ఇంగ్లీషు వచ్చు. ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఆ మూల మంచం ఆవిడ చెప్పేది నాకు పూర్తిగా తెలియట్లేదు, కాస్త కనుక్కోండి అంటే సరిపోయేది. వెళ్ళాడు కూడా. బల్ల ముందు నిలబడ్డాడు. హెడ్ నర్సు తలెత్తి చూసి, "నువ్వా! మంచి సమయానికొచ్చావు. మీవాళ్ళలో భాష వచ్చినవాడివి నువ్వొక్కడివే. ఆ మూల ఆవిడకి ఆపరేషనంటే భయం, కాస్త ధైర్యం చెప్పు" అంది. వెనకాలే బ్యాచ్ వాళ్ళు నిలబడి ఉన్నారు. అతను నీళ్ళు నమిలి, "అలాగే సిస్టర్" అని వెనక్కొచ్చేశాడు.

వచ్చి ఆ మంచం పక్కన నిలబడి, "చెప్పాను అమ్మమ్మా" అన్నాడు.

"వస్తానందా?"

"వస్తానంది."

చూశారా ఎంత సులువో. ఆ రెండు వాక్యాల్లో ఒక్క తప్పు లేదు, ఉచ్చారణ కూడా పదహారణాల స్వచ్ఛం.

ఇవాళ సాయంత్రమే మార్కెట్టుకి వెళ్ళి ఆ కొట్టు వెతికి నిజంగానే చెప్పేస్తే అబద్ధం కాస్తా నిజమైపోతుంది అనుకున్నాడు. ఆ సాయంత్రం ఫార్మకాలజీ టెస్టుకి చదువుకోవాల్సి వచ్చింది. ఆ మర్నాడు బద్ధకమేసింది. నిజం చెప్పాలంటే అవేవీ కారణాలు కావు. కొట్టుకెళ్తే ఆ చెల్లెలు ఏమిటి, ఎలా, ఏమంది అని ఎదురు ప్రశ్నలు వేస్తుంది, తను గుడ్లు మిటకరించాలి, అదీ భయం. ఎవరో ఎరగని ఒక మనిషి ముందు, ఒక్క పది నిమిషాలు తెలివితక్కువవాడిలా నిలబడటానికి అతనికి ముఖం చెల్లలేదు.

సాయంత్రాలు బంధువుల్ని లోపలికి వదిలే వేళకి ముసలావిడ తల దువ్వుకునేది. సంచిలోంచి ఊదారంగు శాలువా తీసి భుజాల చుట్టూ సర్దుకునేది. పక్కనున్న కుర్చీ మీద మందులూ మాకులూ తీసేసి ఖాళీ చేసి పెట్టుకునేది. ఆ వేళకి దుబాసి ఆ వార్డు ఛాయలకి వెళ్ళడం మానేశాడు. ఒకసారి ఖర్మ కాలి మర్చిపోయిన స్టెతస్కోపు కోసం వెళ్ళాల్సి వచ్చింది. పక్క మంచాల దగ్గరంతా జనం, నవ్వులు, పళ్ళు ఒలుస్తున్న చేతులు. ఆవిడ పక్కన కుర్చీ ఖాళీ. ఇతన్ని చూసి ఆవిడ కోప్పడలేదు. పాపం ఏదో పని తగిలుంటుందిలే, రేపొస్తుందిలే అన్నట్టు చెయ్యి తిప్పి తనే అతన్ని ఓదార్చింది. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. స్టెతస్కోపు తీసుకోకుండానే వచ్చేశాడు.

ఆపరేషన్‌కి ముందురోజు ఆవిడ "చెప్పావా" అని అడగలేదు. అతని చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, తొందర లేకుండా, నెమ్మదిగా, చాలాసేపు మాట్లాడింది. మళ్ళీ ఏదో అప్పజెప్తోందని అతనికి తెలుస్తూనే ఉంది. ఒక్కసారి, "అమ్మమ్మా, నాకు అర్థం కావట్లేదు" అంటే అయిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అన్నాళ్ళు తలూపి ఇప్పుడా మాటంటే, మరి మొన్న చెప్పానన్నావే అని అడగదూ? అతను తలూపాడు. ఆవిడ మాట్లాడినంతసేపూ ఊపుతూనే ఉన్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది, గుండే తట్టుకోలేకపోయింది. ఆవిడ మళ్ళీ కళ్ళు తెరవలేదు. ముందే అనుకున్నదే అన్నారు పెద్ద డాక్టర్లు. అందులో దుబాసి తప్పేమీ లేదు. ఆ మాట అతను తనకి తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. చెప్పుకున్నకొద్దీ, తప్పు వేరే ఎక్కడుందో అంత స్పష్టంగా కనపడసాగింది.

రెండ్రోజులకి చెల్లెలు వచ్చింది. పక్కింటివాళ్ళ ద్వారా ఆలస్యంగా తెలిసిందట. కళ్ళజోడు మెడలో వేలాడేసుకున్న బక్కపల్చటి మనిషి, కొట్టులోంచి సరాసరి లేచొచ్చినట్టు బట్టల నిండా దారం పోగులు అంటుకుని ఉన్నాయి. అక్కగారి సామాను తీసుకుపోవడానికి హెడ్ నర్సు బల్ల దగ్గర నిలబడింది. పక్కనే మన బ్యాచ్ ఇంకో రోగి చుట్టూ ఉంది.

"మాకు మాటల్లేక చాలా ఏళ్ళయింది" అంటోంది చెల్లెలు. "అయినా చావుబతుకుల్లో ఉన్నానని ఒక్క కబురు పెట్టొద్దూ? పరిగెత్తుకొచ్చేదాన్ని కదా. అంత పగా నా మీద? చచ్చేటప్పుడు కూడా నన్ను చూడాలనిపించలేదా?"

"మాతో ఎవరి పేరూ చెప్పలేదమ్మా" అంది హెడ్ నర్సు.

ఎప్పుడూ అక్కడో మాట ఇక్కడో మాట దొరికే మన దుబాసికి ఆ రోజు ఒక్క మాట కూడా తప్పిపోలేదు. తల కొట్టేసినట్టయింది. చేతిలో పట్టుకున్నదేదో పక్కవాడికిచ్చి మెట్లవైపు నడిచాడు.

వెనకాలే ఒకడు వచ్చాడు. అతను ఫ్లాట్‌లో అందరికన్నా బాగా వండేవాడు, అందరూ "చెఫ్" అని పిలిచేవాళ్ళు. దుబాసి మెట్ల మీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు. భాష సగమే వచ్చన్న సంగతితో మొదలుపెట్టి చెప్పాడు.

చెఫ్ వచ్చి పక్క మెట్టు మీద కూలబడ్డాడు. తర్వాత, "ఒరేయ్, ఇప్పుడు చెప్పి ఏం లాభం రా? ఆవిడ తిరిగొస్తుందా? పైగా ప్రొఫెసరమ్మకి తెలిసిందనుకో, నువ్వడిగిన కేసులన్నీ తవ్వుతుంది. నువ్వేం చెప్తే అదే రాశాం మేమందరం. ఆరుగురం కలిసి మునుగుతాం. వదిలెయ్" అన్నాడు. మళ్ళీ తనే, "అది సరేగానీ, సగమే వచ్చని మాకైనా చెప్పొచ్చు కదరా" అన్నాడు.

"చెప్తే వంట చెయ్యమనేవాళ్ళు కదా" అన్నాడు దుబాసి. నవ్వించడానికే అన్నాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

చెఫ్ చెప్పింది అబద్ధం కాదు. అతను నోరు మూసుకుంటే ఎవరికీ ఎప్పటికీ ఏమీ తెలియదు. అక్కకి నా మీద చచ్చేదాకా పగే అనుకుంటూ ఆ చెల్లెలు మిగతా బతుకంతా బతుకుతుంది, అంతే. నోరు విప్పితే, అక్క పిలిచిందని ఆవిడకి తెలుస్తుంది. తెలిసిన ఆ క్షణంలోనే, ఆ పిలుపుని మింగేసినవాడెవరో కూడా తెలుస్తుంది. ఈ రెండోది లేకుండా మొదటిది ఇవ్వడం ఎలాగా అని అతను రెండు పూటలు ఆలోచించాడు. అలాంటి దారి దొరకలేదు.

మార్కెట్టు వెనక సందులో బట్టలు కుట్టే కొట్టు ఒక్కటే ఉంది. అడిగిన మొదటివాడే చూపించాడు. అంత సులువుగా దొరికినందుకు అతనికి ఏడుపొచ్చింది.

చిన్న గది. గోడకి మేకులకి సగం కుట్టిన కోట్లు, కిటికీ దగ్గర కుట్టుమిషను, దాని పక్కన ఇస్త్రీ బల్ల. చెల్లెలు మిషను మీద వంగి ఉంది. తలెత్తి, "ఏం కుట్టాలి బాబూ?" అంది.

దారిపొడుగునా అతను వాక్యాలు పేర్చుకుంటూ వచ్చాడు. అన్నీ ఎగిరిపోయాయి. అనుకరించడానికి ఎవరి గొంతూ దొరకలేదు. నత్తినత్తిగా, ముక్కలుముక్కలుగా, అక్కడివాళ్ళెవరూ మాట్లాడనట్టుగా మాట్లాడాడు.

"మీ అక్క... ఆసుపత్రిలో... నాతో చెప్పింది. మిమ్మల్ని పిలవమంది. నేను పిలవలేదు. పిలిచానని ఆమెకి చెప్పాను. మీరు వస్తారని కూడా చెప్పాను. ఆమె రోజూ ఎదురుచూసింది. తప్పు నాది."

మిషను ఆగిపోయింది. ఆవిడ కళ్ళజోడు తీసేసి అతనివైపు చూసింది. లేచి కొడుతుందేమో అనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"పిలిచిందా?" అంది ఆవిడ.

"పిలిచింది."

"అదే? తనంతట తనే?"

"తనే."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి కానీ చప్పుడు రాలేదు. చాలాసేపటికి తేరుకుని, స్టూలొకటి కాలితో అతనివైపు నెట్టింది.

"కూర్చో. ఎందుకు చెప్పలేదో తర్వాత అడుగుతాను. ముందు అదేమందో చెప్పు."

"అదే... పిలవమంది."

"ఆ ఒక్క మాటేనా? నా అక్క ఒక్క మాటతో ఆగే మనిషి కాదు. నా గురించి ఏమంది? అమ్మ సంగతి చెప్పిందా? తప్పు నాదందా, తనదందా? ఏమన్నా సరే, ఉన్నదున్నట్టు చెప్పు. తిట్టినా చెప్పు."

అతనికి ఆ రోజు కళ్ళ ముందు కదిలింది. తన చెయ్యి ముసలావిడ రెండు చేతుల్లో ఉండటం, ఆవిడ పెదాలు నెమ్మదిగా కదలటం, తను తలూపడం. ఆవిడ చెప్పుకున్నదంతా విన్న మనిషి ఈ ప్రపంచంలో తనొక్కడే.

ఒక వాక్యం నాలుక మీదికి తయారుగా వచ్చి కూర్చుంది. నిన్ను ఎప్పుడో క్షమించేశానంది, నువ్వంటే ప్రాణమంది. ఆ భాషలో ఆ మాటలు అతనికి వచ్చు, ఉచ్చారణ కూడా తప్పు పోదు. రోగుల నోట్లో మాటలు పెట్టడం కొత్త కాదు అతనికి. ఎదురుగా ఉన్న మనిషి ఆ వాక్యం కోసమే చూస్తోంది. అది అంటే ఆవిడకి ప్రాణం లేచొస్తుంది. ఆవిడ ఏడుస్తుంది, ఇతని తల నిమిరినా నిమురుతుంది.

"నాకు తెలీదు" అన్నాడు. "చాలా చెప్పింది. చివరిరోజు ఇంకా చాలా చెప్పింది. నాకు మీ భాష సరిగా రాదు. అర్థమైనట్టు తలూపాను. ఆమె ఏమందో నాకు తెలీదు."

ఎవరో గుమ్మంలో తల పెట్టి కోటు తయారైందా అని అడిగారు. ఆవిడ రేపు రమ్మని వాళ్ళని పంపేసింది. లేచి తలుపు దగ్గరగా వేసి, తన కుర్చీ జరుపుకుని అతని ఎదురుగా కూర్చుంది.

"అర్థం కాకపోయినా చెవిన పడుంటుంది కదా బాబూ" అంది. గొంతులో కోపం లేదు, బతిమాలుతోంది. "ఒక్క మాట. అర్థం నాకొదిలెయ్. అది అన్న మాట ఒక్కటి, ఉన్నదున్నట్టు అను."

అతను కళ్ళు మూసుకున్నాడు. నిజంగా వెతికాడు. చిన్నప్పటి నుంచీ ఎవరి మాటైనా ఒక్కసారి వింటే అచ్చుదింపేసే చెవులవి. కానీ ఆ రోజు ఆ చెవులు వినలేదు. ఎప్పుడు తలూపాలో కనిపెట్టుకుని ఉన్నాయంతే.

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తోంది. అతని దగ్గర ఒక్క మాట కూడా లేదు.